కంచుతలకు పెట్టిన ముద్ద

స్వర్ణశిఖర నగరం తూర్పు ద్వారం దాటగానే యువరాజు భద్రసింహుడు నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. నిలబడడా మరి! కోటగోడలకు చలువరాతి తాపడం. బురుజు బురుజుకూ బంగారు పూత పూసిన నెమళ్లు. గాలి వీచినప్పుడల్లా వాటి మెడల్లో చిరుగంటలు ఘల్లుఘల్లుమంటున్నాయి. రాజవీధికి ఇరువైపులా ఏడంతస్తుల మేడలు, మేడమేడకూ చందనపు తలుపులు, గవాక్షాల్లోంచి తెరలు తెరలుగా సాంబ్రాణి ధూపం. వీధి నడుమ పన్నీటి కాలువ పారుతుంటే, దాని ఒడ్డున పట్టుగొడుగుల కింద కూర్చుని నగర ప్రముఖులు తాంబూలాలు నములుతున్నారు. ఆ ఊళ్లో కుక్క మెడలో సైతం ముత్యాల పట్టెడే.

పైన పటారం, లోన లొటారం అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ లొటారం ఎక్కడ దాచారో మన యువరాజుకు అప్పటికింకా తెలియదు.

అతడు వచ్చింది మేడలు చూడటానికి కాదు. మాంత్రికుడు ధూమ్రకేశుడి చెరలో ఉన్న చెల్లెలు మందారికను విడిపించుకు పోవడానికి.

ఈ చెర సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఐదు నగరాల రాజులు తరతరాలుగా ఒకరినొకరు పొడుచుకుని పొడుచుకుని, ఇక పొడవడానికి మనుషులు చాలక ధూమ్రకేశుడి కాళ్ల మీద పడ్డారు. వాడు యుద్ధాలు ఆపాడు. ఊరికే ఆపుతాడా? పుష్కరానికి ఒకసారి అన్ని నగరాల బతుకునూ తూచాలన్నాడు. ఏ నగరంలో బతుకు అన్నిటికన్నా అధమమో, ఆ నగర ప్రజల నీడలన్నీ తనకు ఇచ్చేయాలన్నాడు. "అధమమైన బతుకు ఉన్నా ఒకటే, ఊడినా ఒకటే" అని వాడి వాదన. నీడ పోయిన మనిషి కొద్దిరోజుల్లో వడలి వత్తలై నేలరాలుతాడు. నీడ మాత్రం మాంత్రికుడి ఊడిగంలో కలకాలం పడి ఉంటుంది. రాజులు ఐదుగురూ సరేనని తల ఊపారు. అధమం తమది కాదని ఎవరి ధీమా వాళ్లది! పోయిన పుష్కరంలో ఒక నగరం అలా నీడలు పోయి పాడుపడగా, ఇప్పుడు మిగిలినవి నాలుగు.

తూచే పద్ధతి ఇదీ. తూకం నాడు నగరంలో నిప్పు రాజుకున్న ప్రతి పొయ్యి నుంచీ పిడికెడు ముద్ద తెచ్చి ఒక పెద్ద గంగాళంలో వేస్తారు. తెడ్డు పెట్టి బాగా కలిపి, అందులోంచి ఒక్క ముద్ద తీసి కంచుతల నోట్లో పెడతారు. కంచుతల అంటే ధూమ్రకేశుడు పోత పోయించిన నిలువెత్తు శిరస్సు. దానికి అబద్ధం రాదు. నోట్లో పడిన ముద్ద వెనక ఎలాంటి బతుకు ఉందో ఉన్నదున్నట్టు పలుకుతుంది.

భద్రసింహుడి తండ్రి ఏలే నీలవంక చిన్న నగరం. అక్కడ మేడలూ లేవు, పస్తులూ లేవు. తూకం నాడు ఊళ్లో పొయ్యి వెలగని గడప ఉండకూడదని మందారిక స్వయంగా కొరివి పట్టుకుని బయలుదేరింది. కరువుకు కొండలు దిగి వచ్చి సత్రంలో తలదాచుకున్న వాళ్ల చేత కూడా పొయ్యిలు పెట్టించి నిప్పు రాజేసింది. రాగిసంకటి, మజ్జిగ, ఉల్లిపాయ. అందరి ముద్దా అంతే. కంచుతల నమిలి, "ఆకలి లేదు, రుచీ లేదు" అంది. మిగతా రెండు నగరాల గంగాళాలు నేతితో ఘుమఘుమలాడాయి. ఇక మిగిలింది స్వర్ణశిఖరం ఒక్కటే. దీని ముద్ద నీలవంక ముద్ద కన్నా మేలని తేలితే ఈ సాయంత్రమే నీలవంక ప్రజల నీడలు పోతాయి. తేలక ఏమవుతుంది, ఆ మేడలు చూస్తే తెలియడం లేదూ! అందరికన్నా ముందు, నగరం తరఫున పూచీగా నిలబెట్టిన మందారిక నీడ పోతుంది.

"ఏయ్ పొడుగోడా! ఇట్టా రా!"

ద్వారం పక్క అరుగు మీంచి ఒక బండమనిషి పిలిచాడు. వాడు నగర రక్షక దళపతి భైరి. భద్రసింహుడు చెంపకు మైనంతో కత్తిగాటు అతికించుకుని, తలకు మాసిన పాగా చుట్టి, మొలలో బాకు దోపుకుని, పొట్టకూటి కోసం దేశాలు పట్టిన సైనికుడి వేషంలో ఉన్నాడు.

"కండ బాగానే పెంచావే. ఒక్కపూట పనుంది, చేస్తావా? పనయ్యాక కోటలో తూకం కూడా చూడొచ్చు."

వెతకబోయిన తీగ కాలికి తగిలింది. కోటలోకి దారి దొరికితే అంతకన్నా ఏం కావాలి? "చేస్తాను దొరా" అన్నాడు యువరాజు. భైరి అతడి చేతిలో ఒక గుదియ పెట్టాడు.

దళం రాజవీధి వెంట సాగి, పన్నీటి కాలువ చివర పూలతీగలు అల్లించిన గోడ దగ్గర ఆగింది. తీగలు తప్పిస్తే ఇనుప తలుపు. తలుపు తీస్తే కిందికి మెట్లు. ఆ మెట్లు దిగుతుంటే సాంబ్రాణి వాసన పోయి మురుగు కంపు గుప్పుమంది.

అదే అడుగుపేట. పైన పారిన పన్నీరు మురుగై చేరేది ఇక్కడికే. ఆ మురుగు గట్టున, ఎండ పొడ తగలని పల్లంలో, చూపు ఆనినంత మేర గుడిసెలే గుడిసెలు. పైన మేడల్లో ఉన్నవాళ్ల కన్నా ఇక్కడున్న జనం ఎన్నో రెట్లు ఎక్కువ. చందనం అరగదీసేవాళ్లు, చలువరాళ్లు నునుపు చేసేవాళ్లు, పల్లకీలు మోసేవాళ్లు, వీళ్లంతా ఉండేది ఇక్కడే. డొక్కలు ఎండిన పిల్లలు గుదియలు చూడగానే చప్పుడు చేయకుండా గుడిసెల్లోకి దూరిపోయారు. ఏడవకుండా దాక్కోవడం వాళ్లకు బాగా అలవాటైనట్టుంది.

"కానియ్యండిరా! ఒక్కటి కూడా మిగలగూడదు!" అని భైరి అరిచాడు.

భటులు గుడిసెల్లో పడ్డారు. మనుషుల జోలికి పోలేదు, కుండల జోలికి పోలేదు, నేరుగా పొయ్యిల మీద పడ్డారు. గుదియలతో పొయ్యిగడ్డలు పగలగొట్టి, నిప్పుల మీద మురుగునీళ్లు గుమ్మరించారు. ఒక గుడిసెలో ఒక బాలింత ఉడుకుతున్న గంజికుండను పొయ్యి మీంచి దించనివ్వక రెండు చేతులా పట్టుకుని కూర్చుంటే, పొయ్యిని తన్నారు. గంజి నేలపాలైంది. ఆ పిల్ల తిట్టలేదు, మొత్తుకోలేదు. నేల మీద గంజిని చేత్తో ఎత్తుకుని నోట్లో వేసుకుంది. భద్రసింహుడికి ఒళ్లు మండిపోయింది.

"దొరా, వీళ్లు చేసిన నేరమేమిటి?" అని అడిగాడు.

"పొయ్యి వెలిగించడమే నేరం!" భైరి పకపకా నవ్వాడు. "పొయ్యి వెలిగితేనే అది ఇల్లు. పొయ్యి లేదా, ఇల్లూ లేదు, అందులో మనిషీ లేడు. ఈళ్ల కూడు గంగాళంలో పడిందంటే మన ఊరి పరువేం గాను? ఆ నీలవంకోళ్లు చూడు, వెర్రిబాగులోళ్లు, సత్రంలో ముష్టోళ్ల చేత కూడా పొయ్యిలు పెట్టించారంట! బుద్ధున్నోడెవడైనా తూకం నాడు ముష్టోళ్లని లెక్కలోకి తెస్తాడా? మిగతా రెండు ఊళ్లూ గెలిచింది ఎట్టా అనుకున్నావు? ఈ ఇద్దె మేం నేర్పిందే!"

భద్రసింహుడు పళ్లు బిగబట్టాడు. అంటే చెల్లెలు చేసిన తప్పల్లా ఒక్కరినీ వదిలిపెట్టకపోవడమే! ఆ తప్పుకే సాయంత్రం ఆమె ప్రాణం పోబోతోంది. అతడికి కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇక చెల్లెల్ని ఎత్తుకుపోయే ఆలోచన కట్టిపెట్టాడు. ఆమె ఒక్కతే దక్కితే ఊరు దక్కదు. కంచుతల చేతనే నిజం పలికించాలి. తన నీడ మీదికే వస్తే ఈ ఊరి రాజే తూకం రద్దు చేయిస్తాడు.

పేట చివరి గుడిసె దగ్గర దళం ఆగింది. గడపలో ఒక ముసలమ్మ కొడవలి పట్టుకుని నిలబడి ఉంది. పేరు పైడమ్మ. కళ్లు పొగకు మసకబారి, ఎదురుగా ఉన్నది మనిషో మానో ఆకారాన్ని బట్టి పోల్చుకుంటోంది.

"రండిరా రండి, మీ చేతులు పడిపోను! పోయిన తూకానికి ఇట్టాగే వచ్చి పగలగొట్టిపోతే నోరు మూసుకున్నా. ఈసారి నా పొయ్యి మీద చెయ్యేసినోడి చెయ్యి ఈడనే తెగి పడతాది! మీ బురుజుల మీద నెమళ్లకి పూత పూస్తా నా పెనిమిటి కిందపడి సచ్చాడు. మీ దొరసానులకి చందనం అరగదీసీ అరగదీసీ నా కూతురు రగతం కక్కుకుంది. చాకిరీకి మనుషులమైనోళ్లం కూటికాడ మనుషులం కాదంట్రా?"

"ముసలిదానికి నోరు లేచింది" అన్నాడు భైరి. "ఏయ్ కొత్తోడా, ఇది నీ వంతు. పొయ్యి పగలగొట్టు. అడ్డమొస్తే దాని బుర్ర పగలగొట్టు."

యువరాజు పని అడకత్తెరలో పోకచెక్క అయింది. గుదియ ఎత్తకపోతే వేషం బయటపడుతుంది. ఎత్తితే ఇన్నాళ్లూ తిన్న నీలవంక సంకటికి ద్రోహం. అతడు గుదియ ఎత్తాడు. ఎత్తిన గుదియ గిర్రున తిరిగి భైరి మోకాటిచిప్ప మీద పడింది!

"అమ్మో! ద్రోహి! పట్టుకోండి వీణ్ణి!"

నలుగురు భటులు ఒక్కుమ్మడిగా మీదపడ్డారు. మొదటివాడి దవడ పగిలింది. రెండోవాడు కత్తి దూసేలోగా గుండెల మీద తన్ను తిని మురుగులో బోర్లాపడ్డాడు. మిగతావాళ్లు చుట్టుముట్టబోతుంటే భద్రసింహుడు గుడిసె ముందు వసారా నిట్రాడను రెండు చేతులా పట్టి పెళ్లున పెరికాడు. వసారా కప్పు మొత్తం భటుల నెత్తిన కూలింది. ఆ దుమ్ములో అతడు లోపలికి దూకి పైడమ్మ చేయి పట్టుకున్నాడు.

"అవ్వా, నేను నీలవంక వాణ్ణి. నీ పొయ్యి మీద ఏముంది?"

"ఏముంటాది నాయనా? ఇంత తవుడు, ఇన్ని చింతపిక్కల పిండి. కలిపి సంకటి గెలికాను. ఆకలేస్తాందా?"

"తినడానికి కాదవ్వా. నాకొక పిడికెడు పెట్టు. నీ ముద్ద గంగాళంలో వేస్తాను. కంచుతల చేత తినిపిస్తాను."

 పైడమ్మ సంకటి ముద్ద చేసి, మోదుగాకులో గట్టిగా చుట్టి అతడి చేతిలో పెట్టింది. 

"ఈ కూడు మనుషులు తినేది కాదని నాకూ తెలుసురా అబ్బాయా. అది తినాల. తిని ఊరందరికీ ఇనబడేట్టు చెప్పాల. ఎనకమాల మురుగు తూము ఉంది, అది కోట అగడ్తలో కలుస్తాది. అగడ్తలో మొసళ్లుంటాయి మరి!"

"ఉండనీ అవ్వా. మరి నువ్వు?"

"ఆళ్లకి కావాల్సింది నువ్వు. నేను పక్క గుడిసెలో పడుంటా. పో, పోరా!"

భద్రసింహుడు ముద్దను పాగాలో బిగించి కట్టుకుని, గుదియను మొలలో దోపుకుని తూములోకి జారాడు. వెనక భటుల కేకలు, ముందు చిమ్మచీకటి, గొంతు దాకా మురుగు. మోచేతుల మీద పాకుతూ పోయిపోయి, తూము మూతికి అడ్డంగా ఉన్న తుప్పుపట్టిన కమ్మీలను కాళ్లతో తన్ని అగడ్తలోకి పడ్డాడు. పడీ పడగానే నీళ్లు కలకబారాయి. తాటిదూలమంత మొసలి ఒకటి నోరు తెరుచుకుని మీదికి వచ్చింది. తల ముంచి తప్పించుకుందామా అంటే పాగాలో ముద్ద తడిసిపోతుంది. తల ఎత్తి ఉంచితే మెడ దొరికిపోతుంది. అతడు తల ఎత్తే ఉంచాడు. మొసలి నోరు మూయబోయే క్షణంలో మొలలోని గుదియను లాగి దాని దవడల నడుమ నిలువుగా గుచ్చాడు. మూయలేక, ఉమ్మలేక మొసలి గిలగిలా కొట్టుకుంటూ తోక ఝాడించింది. ఆ దెబ్బకు యువరాజు భుజం చీలి నీళ్లు ఎర్రబడ్డాయి. నెత్తురు వాసనకు తక్కిన మొసళ్లు కదిలాయి.

ఇక తన పని అయిపోయిందనుకుంటుండగా పైనుంచి ఒక పెద్ద తోలుబాన నీళ్లలో పడింది. పట్టపుటేనుగులను కడగడానికి ఏతంతో నీళ్లు తోడుతున్నారు! భద్రసింహుడు బాన అంచు పట్టుకుని లోపలికి దూకి ముడుచుకున్నాడు. పైన ఏతం తొక్కేవాళ్లు, "ఏందిరో ఇయ్యాల ఇంత బరువు!" అని తిట్టుకుంటూ లాగారు. బాన ఒరగగానే ఒక మనిషి నీళ్లోడుతూ బయటికి దూకేసరికి, అగడ్తలో దయ్యం అనుకుని కేకలు పెడుతూ పారిపోయారు. దేవుడు మేలు చేశాడు. ఏనుగులసాలను ఆనుకునే వంటశాల.

వంటశాల పక్కగదిలో వడ్డన అధికారి కొలువుకు ముస్తాబవుతున్నాడు. ఊపిరి ముద్దకు తగలకుండా తూకం నాడు వడ్డించేవాడు కళ్లు తప్ప ముఖమంతా తెల్లబట్టతో కప్పుకోవాలని ఆచారం. భద్రసింహుడికి ఇంతకన్నా మంచి వేషం దొరుకుతుందా? మెడ మీద ఒక్క దెబ్బ. అధికారి నోట్లో వాడి ఉత్తరీయమే కుక్కి, పెడరెక్కలు విరిచి కట్టి, పెసలగాదెలో పడేసి మూతపెట్టాడు. చీలిన భుజానికి గుడ్డ బిగించి, అధికారి అంగీ తొడుక్కుని, పాగా తీయకుండానే దాని మీదుగా ముఖానికి తెల్లబట్ట చుట్టుకుని కొలువుకు నడిచాడు.

పొద్దు పడమటికి ఒరిగింది. కోట ముంగిట రత్నకంబళాలు పరిచారు. వీణలు మోగుతున్నాయి, వింజామరలు వీస్తున్నాయి. నవరత్న సింహాసనం మీద స్వర్ణశిఖర రాజు కనకమౌళి పొట్ట నిమురుకుంటూ కూర్చున్నాడు. నడిమధ్యన కంచుతల నోరు తెరుచుకుని ఉంది. దానికి చెరోపక్కా భస్మంతో రెండు వలయాలు గీశారు. ఒక వలయంలో కనకమౌళి కొడుకు రత్నాంగదుడు నగరం తరఫున పూచీగా ఉన్నాడు. ఉన్నాడన్న మాటే గానీ, గెలుపు తమదేనన్న ధీమాతో వేలి ఉంగరాలు చూసుకుంటున్నాడు. రెండో వలయంలో మందారిక నిలబడి ఉంది. ఆమె పెదవులు పగిలి ఉన్నాయి, తల మాత్రం దించలేదు. ఆమె వెనక ధూమ్రకేశుడు. వాడి తలమీద వెంట్రుకలకు బదులు నల్లటి పొగ పాయలు పాయలుగా లేస్తోంది.

మందారిక వడ్డన అధికారి కళ్ల వైపు చూసింది. ఎవరో గుర్తుపట్టింది. గుర్తుపట్టినట్టు ఎవరికీ తెలియకుండా చప్పున చూపు తిప్పుకుంది.

గంగాళం తెచ్చారు. నేతి గారెలు, కుంకుమపువ్వు పాయసం, జీడిపప్పు పులిహోర, అన్నీ పిడికెళ్లు పిడికెళ్లుగా పడి ఉన్నాయి. భద్రసింహుడు దాని మీదికి వంగి, చేతిలో దాచిన మోదుగాకు విప్పి పైడమ్మ ముద్దను అందులో వేశాడు. తెడ్డు ముట్టుకోలేదు. వేసిన ముద్దనే మళ్లీ చేత్తో తీసుకుని కంచుతల వైపు నడిచాడు.

"ఓరీ! కలపకుండా పెడతావేమిరా?" అని కనకమౌళి లేచాడు. అప్పటికే ముద్ద కంచుతల నోట్లో పడింది.

కంచు దవడలు కరకరమంటూ కదిలాయి. వీణలు ఆగిపోయాయి. కంచుతల నమిలింది, ఇంకా నమిలింది, మింగలేకపోయింది. చివరికి పలికింది.

"ఈ ముద్ద వండిన చేయి నిన్న తినలేదు. ఈ ముద్ద కలిపిన నీళ్లలో మేడల మీది కల్మషమంతా ఉంది. ఈ పొయ్యి పక్కన ఒక కూతురు నెత్తురు కక్కుతుంటే వైద్యుడు మెట్లు దిగి రాలేదు. దీని చుట్టూ పగలగొట్టిన పొయ్యిలు ఊరంత ఉన్నాయి. ఇంతకన్నా అధమమైన బతుకును నేనెన్నడూ నమలలేదు."

కొలువు గొల్లుమంది. భద్రసింహుడు ముఖం మీది బట్ట లాగి పారేశాడు.

"నీలవంక యువరాజు భద్రసింహుణ్ణి నేను! ధూమ్రకేశా, విన్నావుగా తీర్పు! నా చెల్లెల్ని వదులు!"

"మోసం! వీడు కలపలేదు!" అని కనకమౌళి రంకె వేశాడు.

"కలపాలని ఒప్పందంలో ఎక్కడుంది రాజా? వెలిగిన పొయ్యి ముద్ద గంగాళంలో పడాలి, గంగాళంలో ముద్ద కంచుతల తినాలి. అంతే! పదిమంది పాయసంలో వెయ్యిమంది తవుడు కనబడకుండా చేయడానికి మీరు పెట్టుకున్నది ఆ తెడ్డు!"

ధూమ్రకేశుడు కడుపు పట్టుకుని నవ్వాడు. "అవునయ్యా, కలపమని నేనెప్పుడూ చెప్పలేదు. మీకు మీరే కలుపుకుంటూ వచ్చారు. నాకు నీడలు కావాలి గానీ అవి ఎవరివైతేనేం?" అని మందారిక వలయం మీద ఊదాడు. భస్మం చెదిరింది. ఆమె పరుగున వచ్చి అన్నను పట్టుకుంది. మాంత్రికుడు అవతలి వలయం వైపు తిరిగి చేయి చాపాడు. రత్నాంగదుడి నీడ మడమల దగ్గర పటపటమని ఊడసాగింది.

"నాన్నగారూ! చచ్చాను! నాన్నగారూ!"

"ఆగు! ఆగు మహానుభావా!" కనకమౌళి సింహాసనం మీంచి పడుతూ లేస్తూ వచ్చాడు. చెమటకు ముఖాన కస్తూరి కారిపోతోంది. "ఆ ముద్ద మా ఊరిది కాదు! అడుగుపేట మా నగరమే కాదు! ఈ క్షణం నుంచి అది వేరే నగరం. మంత్రీ, చాటించవయ్యా! ఇనుప తలుపుకు ఇవతల స్వర్ణశిఖరం, అవతల అడుగుపేట. అధమ నగరం అది! నీడలు అక్కడ తీసుకో, ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి!"

"ధర్మప్రభువు! ధర్మప్రభువు!" అని నగర ప్రముఖులు చప్పట్లు కొట్టారు. నిన్నటిదాకా తమ పల్లకీలు మోసిన వాళ్లు త్రుటిలో పొరుగుదేశం వాళ్లయిపోయారు. చీ, వీళ్ల ముఖాలు తగలెయ్య!

 నిజం పలికిస్తే చాలనుకున్నాడు భద్రసింహుడు. పలికించాడు. తన చేత్తో మోసుకొచ్చిన ఆ ముద్దే ఇప్పుడు అడుగుపేట ప్రాణాల మీదికి వచ్చింది.

"బాగుంది" అంటూ ధూమ్రకేశుడు రత్నాంగదుడి నీడను వదిలేసి, భస్మంతో కొత్త వలయం గీశాడు. "నాలుగు ఐదైతే నాకు నష్టమా? మరి కొత్త నగరానికి పూచీ ఎవరు?"

"ఆ ముద్ద వండిన ముసలిది ఎక్కడుందో ఈడ్చుకు రండి!" అన్నాడు కనకమౌళి.

"ఎవరినీ ఈడ్చనక్కర్లేదు. ఆ ఊరి కూడు మోసుకొచ్చింది నేను. ఆ ఊరికి పూచీ నేను" అని భద్రసింహుడు ముందుకు నడిచాడు.

"వద్దన్నయ్యా!"

"మందారికా, నువ్వు ఆ పొయ్యిలు వెలిగించి మంచిపని చేశావు. ఎవరేమన్నా ఆ మాట మరిచిపోకు" అని చెల్లెలి చేయి విడిపించుకుని అతడు వలయంలో అడుగుపెట్టాడు. పెట్టడమేమిటి, మెరుపులా మొలలోని బాకు తీసి మాంత్రికుడి గుండెకు గురిచూసి విసిరాడు! అతడి ఎత్తు అదే, వలయం దగ్గరికి వాణ్ణి రప్పించి దెబ్బ తీయాలని. బాకు ధూమ్రకేశుడి గుండెలోంచి దూసుకుపోయి వెనక కంచుతలకు తగిలి ఖంగుమంది. వాడి గుండె ఉండాల్సిన చోట పొగ తప్ప ఏమీ లేదు.

"ముచ్చట తీరిందా రాకుమారా?" అంటూ వాడు వంగి, భద్రసింహుడి మడమల దగ్గర నీడను చిటికెన వేలితో మీటాడు. ఒంట్లోంచి చర్మం ఒలిచినట్టయింది. భద్రసింహుడు కెవ్వున అరిచి మోకాళ్ల మీద కూలాడు. ఒళ్లంతా చలి కమ్ముకుంది. ఎదురుగా అతడి నీడ, అతడి ఎత్తు, అతడి భుజాలు, అతడి పాగా, నిటారుగా లేచి నిలబడింది.

"నా నీడ తీసుకున్నావుగా. వాళ్లను వదిలెయ్" అన్నాడు భద్రసింహుడు రొప్పుతూ.

"పూచీ నీడ మొదటిది నాయనా, ఆఖరిది కాదు. నీడలను కోయాలంటే నీడే కావాలి. ఇన్నాళ్లకు మంచి దిట్టమైనది దొరికింది." ధూమ్రకేశుడు ఆ నల్లటి ఆకారం వీపు తట్టాడు. "పో. అడుగుపేటలో ఎవరినీ మిగల్చకు. ఆ ముద్ద వండిన ముసలిదానితో మొదలుపెట్టు."

నీడ కదిలింది. జనం నడుమ నుంచి, గోడల మీదుగా, పన్నీటి కాలువ మీదుగా జారిపోయింది. భద్రసింహుడు లేచాడు. చలికి కాళ్లు స్వాధీనంలో లేవు, అయినా పరుగెత్తాడు. మందారిక ఒక భటుడి చేతిలో ఈటె లాక్కుని అన్న వెనకే దూకింది. ఇనుప తలుపు దగ్గర కాపలావాళ్లు అడ్డం వస్తే ఆమె వాళ్లను నిలువరించింది. "నువ్వు పో అన్నయ్యా, పో!" అని అరిచింది. అతడు మెట్ల మీంచి దొర్లి కిందపడి, మళ్లీ లేచి, గోడలు పట్టుకుంటూ పరుగెత్తాడు. ముందు తన నీడ, వెనక తాను. పగిలిన పొయ్యిల ముందు కూర్చున్న జనం ఆ వింత చూసి పక్కకు తప్పుకున్నారు.

పేట చివర పైడమ్మ తిరిగి తన గుడిసెకు వచ్చింది. వసారా కూలినా పొయ్యి చెక్కుచెదరలేదు. ఆమె దాని ముందు కూర్చుని పుల్లలు ఎగదోస్తోంది. గడప మీద నీడ పడగానే మసకకళ్లు ఎత్తి చూసింది. ఆ ఎత్తు, ఆ భుజాలు, ఆ పాగా పోల్చుకుంది. ముడతల ముఖం విప్పారింది.

"వచ్చావా నాయనా! నీకేమైందోనని ప్రాణం కొట్టుకుంటా ఉంది. నా ముద్ద తిన్నదా అది? అందరికీ ఇనబడేట్టు చెప్పిందా?"

"అవ్వా! అది నేను కాదు!" అని భద్రసింహుడు వీధి మొదట్లోంచి అరవబోయాడు. చల్లబడిన గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు.

"ఆడనే నిలబడ్డావేం? లోపలికి రా. అలిసిపోయుంటావు" అని పైడమ్మ పొయ్యి పక్కన కొంచెం జరిగి దానికి చోటిచ్చింది.